మన సొమ్ము – మన లెక్క

పాఠ్యభాగ ఉద్దేశం

ప్రజాస్వామ్యంలో ప్రభుత్వ కార్యకలాపాలను తెలుసుకొనే హక్కు మన దేశ పౌరులకు ఏ విధంగా లభించిందో, ఆ హక్కును ఎలా వినియోగించుకోవాలో, దానికి ఉన్న పరిమితులేమిటో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠ్యభాగం ఉద్దేశం.

పారదర్శకత అంటే ఏమిటి?

ఒక వస్తువు గుండా చూసినప్పుడు దాని ఆవల ఉన్నది స్పష్టంగా కనిపిస్తే ఆ వస్తువును పారదర్శకం అంటాం. గాజుపలక పారదర్శకం, చెక్కతలుపు కాదు. భౌతికశాస్త్రానికి చెందిన ఈ మాటను నేడు పరిపాలనకు కూడా అన్వయిస్తున్నాం. మూసిన తలుపు వెనుక జరిగే పని మంచిదైనా, చెడ్డదైనా బయట నిలిచినవారికి తెలిసే అవకాశం లేదు. తెలియనిచోట అనుమానం పుడుతుంది. అనుమానం పెరిగినచోట విశ్వాసం నశిస్తుంది. నిజాయితీగా పనిచేసే అధికారి సైతం ఆ అనుమానానికి గురికాక తప్పదు. కనుక పాలన పారదర్శకంగా ఉండడం పాలితులకే కాక పాలకులకు కూడా శ్రేయస్కరం.

పారదర్శకతతో ముడిపడిన మాటలు మరి రెండు ఉన్నాయి. మొదటిది జవాబుదారీతనం. అనగా చేసిన పనికి, చేయని పనికి కూడా ప్రజలకు సమాధానం చెప్పవలసిన బాధ్యత. రెండవది ప్రతిస్పందన. అనగా ప్రజల అవసరాన్ని గుర్తించి సకాలంలో తగిన చర్య తీసుకోవడం. ఈ మూడూ ఒకే మెట్లవరుసలోని మెట్లు. ఏమి జరుగుతున్నదో తెలిస్తేనే ప్రశ్నించగలం. ప్రశ్నించేవారున్నారని తెలిస్తేనే పాలకులు ప్రతిస్పందిస్తారు.

ఈ హక్కుకు మూలం ఎక్కడున్నది? ప్రభుత్వం వెచ్చించే ధనం ప్రజలదే. సబ్బుబిళ్ల కొనే కూలీ కూడా దాని ధరలో కలిసి ఉన్న పన్నును చెల్లిస్తున్నాడు. ఇంటి యజమాని తన సొమ్ముతో సరుకులు తెమ్మని ఒకరిని అంగడికి పంపితే, తిరిగి వచ్చిన తరువాత లెక్క అడుగుతాడు. అది అవమానం కాదు, అపనమ్మకం కాదు; లోకమర్యాద. ప్రభుత్వాన్ని లెక్క అడగడం కూడా అటువంటిదే. ఇంత తేలికగా తోచే ఈ విషయాన్ని చట్టంగా సాధించుకోవడానికి స్వతంత్ర భారతదేశానికి 58 సంవత్సరాలు పట్టింది.

రహస్యం రాజ్యమేలిన కాలం

ఆంగ్లేయుల పాలనలో ప్రభుత్వ దస్త్రం ప్రజలది కాదు, ప్రభువులది. 1923లో వారు చేసిన అధికార రహస్యాల చట్టం ప్రభుత్వ సమాచారాన్ని వెల్లడించడాన్ని నేరంగా పరిగణించింది. పరాయి పాలకులు పాలితులను నమ్మకపోవడంలో ఆశ్చర్యం లేదు. కాని స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా ఆ చట్టం కొనసాగింది. చట్టంతోపాటు దాని వెనుక ఉన్న మనస్తత్వమూ కొనసాగింది. తెలుగు గ్రామాలలో పొలాల లెక్కలన్నీ చిరకాలం కరణం దస్త్రంలోనే ఉండేవి. తన పేరిట ఎంత భూమి నమోదై ఉన్నదో తెలుసుకోవడానికి రైతు కరణం అరుగు ముందు నిలబడవలసి వచ్చేది. వంశపారంపర్యంగా సాగిన ఆ వ్యవస్థ ఆంధ్రప్రదేశ్‌లో 1984లో రద్దయింది. అయినా కాగితం ఎవరి చేతిలో ఉంటే అధికారం వారిదే అనే స్థితి మాత్రం ఒక్కరోజులో మారలేదు.

ఇతర దేశాలలో ఈ మార్పు ముందే మొదలైంది. స్వీడన్ 1766లోనే ప్రభుత్వ పత్రాలను చూసే హక్కును పౌరులకు చట్టబద్ధంగా ఇచ్చింది. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 1966లో సమాచార స్వేచ్ఛ చట్టం వచ్చింది. మన దేశంలో ఈ భావనకు తొలి బలం న్యాయస్థానం నుండి లభించింది. 1975లో రాజ్‌నారాయణ్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ కె.కె. మాథ్యూ ఒక ముఖ్యమైన సూత్రాన్ని ప్రతిపాదించారు. ప్రజల తరఫున పనిచేసేవారు బహిరంగంగా చేసే ప్రతి పనిని గురించి తెలుసుకొనే హక్కు ప్రజలకు ఉన్నదన్నది ఆ తీర్పు సారాంశం. రాజ్యాంగంలోని 19వ అధికరణం ప్రసాదించిన భావప్రకటన స్వేచ్ఛలో తెలుసుకొనే హక్కు కూడా ఇమిడి ఉన్నదని న్యాయస్థానాలు వివరించాయి. విషయం తెలియనివాడు అభిప్రాయం ఎలా ఏర్పరచుకోగలడు? దానిని ఎలా ప్రకటించగలడు?

అయితే తీర్పులోని సూత్రం సామాన్యుని చేతికి అందాలంటే దానికొక మార్గం కావాలి. ఆ మార్గాన్ని చూపినవారు పెద్ద చదువులు చదివినవారు మాత్రమే కాదు. కరవు పనులకు పోయిన కూలీలు కూడా.

దేవ్‌డుంగ్రీ కూలీల ప్రశ్న

రాజస్థాన్ నడిబొడ్డున ఉన్న రాజ్‌సమంద్ ప్రాంతం వానలు తక్కువగా కురిసే నేల. పంటలు ఎండినప్పుడు అక్కడి ప్రజలకు ప్రభుత్వం చేపట్టే కరవు పనులే ఆధారం. 1987లో అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ అనే సామాజిక కార్యకర్తలు దేవ్‌డుంగ్రీ అనే చిన్న పల్లెలో ఒక మట్టి ఇంట్లో నివాసం ఏర్పరచుకొన్నారు. అరుణా రాయ్ అంతకు పూర్వమే ఐ.ఏ.ఎస్. ఉద్యోగాన్ని విడిచిపెట్టి గ్రామీణుల మధ్య పనిచేస్తున్నారు. స్థానిక రైతులు, కూలీలతో కలిసి వారు 1990 మే 1న మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే సంఘాన్ని స్థాపించారు. కార్మిక కర్షక శక్తి సంఘం అని ఆ పేరుకు అర్థం.

అక్కడి కూలీల సమస్య చాలా సాధారణమైనది. పగలంతా మట్టి తవ్వినా వారికి చట్టం నిర్ణయించిన కనీస వేతనం అందడం లేదు. కరవు పనులకైనా కనీస వేతనం కంటె తక్కువ ఇవ్వరాదని 1983లోనే సుప్రీంకోర్టు రాజస్థాన్‌కు సంబంధించిన ఒక కేసులో తీర్పు చెప్పింది. అయినా కూలీలు అడిగినప్పుడు, “మీరు చేసిన పని తక్కువ, కొలతల పుస్తకంలో అలాగే ఉన్నది” అనే సమాధానమే వచ్చేది. ఆ పుస్తకం చూపమంటే, “అది ప్రభుత్వ దస్త్రం, చూపడానికి వీలులేదు” అనేవారు.

ఈ రెండు సమాధానాలను కలిపి చూస్తే చిక్కు ఎక్కడున్నదో తెలుస్తుంది. కూలీ అబద్ధమాడుతున్నాడని నిరూపించేది ఆ కాగితమే. కూలీ సత్యం చెబుతున్నాడని నిరూపించవలసినదీ ఆ కాగితమే. కాని దానిని చూసే హక్కు కూలీకి లేదు. నిరాహారదీక్షలు, విన్నపాలు చేసిన తరువాత కూలీలు ఒక నిర్ణయానికి వచ్చారు. వేతనం కోసం జరిగే పోరాటం కాగితం కోసం జరిగే పోరాటంగా మారితే తప్ప ఫలితం లేదు. సమాచారం చదువుకొన్నవారి మేధావిలాసం కాదనీ, అది పేదవాని అన్నానికి సంబంధించిన విషయమనీ దేశానికి చాటినవారు వీరే.

జన సునవాయీ

1994 డిసెంబరు 2న పాలీ జిల్లాలోని కోట్ కిరానా గ్రామంలో ఆ సంఘం ఒక సభ జరిపింది. దానికి వారు ‘జన సునవాయీ’ అని పేరు పెట్టారు. ప్రజల ఎదుట జరిగే విచారణ అని దాని భావం. సభకు ముందు కార్యకర్తలు పంచాయతీ పనులకు సంబంధించిన హాజరు పట్టీలు, బిల్లులు సేకరించి, వాటిలోని వివరాలను ఊరివారితో సరిచూసుకొన్నారు. సభలో ఆ పత్రాలను బిగ్గరగా చదివి వినిపించారు. మధ్యవర్తులుగా ఏ పక్షానికీ చెందని పెద్దలు కూర్చున్నారు. ఆరోపణలు ఎదుర్కొన్నవారికి కూడా సమాధానం చెప్పుకొనే అవకాశం ఇచ్చారు.

ఆ తరువాత కొద్ది నెలలలో భీమ్, విజయ్‌పురా, జవాజా, థానా అనే చోట్ల కూడా ఇటువంటి సభలు జరిగాయి. పనికి రానివారి పేర్లు, ఊరు విడిచి వలసపోయినవారి పేర్లు, చివరకు మరణించినవారి పేర్లు కూడా హాజరు పట్టీలలో ఉన్నట్లు ఈ సభలలో వెల్లడైంది. పూర్తయినట్లు కాగితంపై చూపిన కట్టడాలు అసంపూర్తిగా నిలిచి ఉన్నాయి. అక్షరజ్ఞానం లేని స్త్రీలు సైతం తమ పేరు చదవగానే లేచి, “నేను ఆ పనికి వెళ్లలేదు” అనో, “వెళ్లాను కాని అంత కూలి ముట్టలేదు” అనో సాక్ష్యం చెప్పగలిగారు. లెక్కల తనిఖీ నిపుణులకు మాత్రమే సాధ్యమన్న భ్రమ తొలగిపోయింది. కట్టలో ఉన్నప్పుడు నిర్జీవంగా ఉన్న కాగితం ఊరిముందు చదివినప్పుడు సాక్షిగా మారింది. 1998లో జరిగిన సభలలో కొందరు సర్పంచులు కాజేసిన సొమ్మును తిరిగి చెల్లించడానికి ప్రజల సమక్షంలోనే అంగీకరించారు.

బ్యావర్‌లో నలభై రోజులు

ఈ సభల ప్రభావం రాష్ట్ర రాజధానికి చేరింది. స్థానిక అభివృద్ధి పనుల పత్రాల నకళ్లను రుసుము చెల్లించిన పౌరులకు ఇస్తామని 1995 ఏప్రిల్‌లో నాటి రాజస్థాన్ ముఖ్యమంత్రి భైరాన్ సింగ్ షెకావత్ శాసనసభలో ప్రకటించారు. సంవత్సరం గడిచినా ఆ మాట ఉత్తర్వుగా మారలేదు. 1996 ఏప్రిల్ 6న సంఘం బ్యావర్ పట్టణంలో ధర్నా ప్రారంభించింది. అది 40 రోజులు సాగింది. పల్లెల నుండి వచ్చినవారు తమ ఇళ్లలోని ధాన్యం తెచ్చారు. పట్టణంలోని కూరగాయల వ్యాపారులు, సామాన్య పౌరులు తమకు తోచిన సహాయం చేశారు. ‘హమారా పైసా, హమారా హిసాబ్’ అన్నది అక్కడ మారుమోగిన నినాదం. మన సొమ్ము, మన లెక్క అని దాని అర్థం. న్యాయశాస్త్ర గ్రంథాలు పేజీలకొద్దీ చెప్పే సిద్ధాంతాన్ని ఆ కూలీలు నాలుగు మాటలలో చెప్పారు.

1997లో జైపూర్‌లో 53 రోజులపాటు మరొక ధర్నా జరిగింది. అది ముగిసే సమయంలో ఒక విచిత్రమైన విషయం తెలిసింది. పంచాయతీ పత్రాల నకళ్లు పొందే హక్కును కల్పిస్తూ ప్రభుత్వం ఆరు నెలల క్రితమే ఉత్తర్వు జారీ చేసింది. కాని ఆ సంగతి ప్రజలకు చెప్పలేదు. రహస్యాన్ని తొలగించే ఉత్తర్వు కూడా రహస్యంగానే ఉండిపోయింది! పాత అలవాటు ఎంత బలమైనదో ఇంతకంటె వేరే ఉదాహరణ అవసరం లేదు.

సమాచార హక్కు చట్టం

ఉద్యమం క్రమంగా దేశవ్యాప్తమైంది. 1996లో ప్రజల సమాచార హక్కుకై జాతీయ స్థాయి వేదిక ఏర్పడింది. జస్టిస్ పి.బి. సావంత్ అధ్యక్షతన ఉన్న భారత ప్రెస్ కౌన్సిల్ చట్టం ముసాయిదా రూపొందించడంలో తోడ్పడింది. 1997లో తమిళనాడు, గోవా రాష్ట్రాలు, 2000లో రాజస్థాన్, కర్ణాటక తమ తమ చట్టాలు చేశాయి. పార్లమెంటు 2002లో ఆమోదించిన సమాచార స్వేచ్ఛ చట్టం అమలులోకి రాలేదు. దాని స్థానంలో మరింత బలమైన సమాచార హక్కు చట్టం 2005లో రూపొందింది. అదే సంవత్సరం జూన్ 15న రాష్ట్రపతి ఆమోదం పొంది, అక్టోబరు 12న పూర్తిగా అమలులోకి వచ్చింది.

ఈ చట్టంలోని ముఖ్యాంశాలను విద్యార్థులు తెలుసుకోవడం అవసరం. ప్రతి ప్రభుత్వ కార్యాలయంలో పౌర సమాచార అధికారి ఉండాలి. పౌరుడు తనకు కావలసిన సమాచారాన్ని వ్రాతపూర్వకంగా కోరవచ్చు. వ్రాయలేనివారు నోటితో చెబితే దానిని వ్రాతరూపంలోకి తేవడానికి అధికారి సహాయపడాలి. సమాచారం ఎందుకు కావాలో చెప్పవలసిన పనిలేదు. యజమాని తన లెక్క తాను అడిగినప్పుడు కారణం చెప్పనవసరం లేదన్నదే ఈ నియమంలోని అంతరార్థం. దరఖాస్తు వేరొక కార్యాలయానికి సంబంధించినదైతే 5 రోజులలో అక్కడికి బదిలీ చేయాలి. సాధారణంగా 30 రోజులలోగా, వ్యక్తి ప్రాణానికి లేదా స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటలలోగా సమాచారం ఇవ్వాలి. ఇవ్వకపోయినా, అసంపూర్తిగా ఇచ్చినా అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు చేయవచ్చు. అక్కడా న్యాయం జరగకపోతే 90 రోజులలోగా సమాచార కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. సరైన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి కమిషన్ రోజుకు 250 రూపాయల వంతున గరిష్ఠంగా 25,000 రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ఆ జరిమానా ప్రభుత్వ ఖజానా నుండి కాక ఆ అధికారి నుండే వసూలవుతుంది. ఈ చట్టంలోని గొప్ప బలం ఇక్కడే ఉంది.

ప్రతి పౌరుడూ అడిగి తెలుసుకోవలసిన స్థితి రాకుండా, కార్యాలయాలే తమంతట తాము సమాచారాన్ని వెల్లడించాలని చట్టంలోని 4వ విభాగం నిర్దేశిస్తున్నది. ఉద్యోగుల విధులు, బడ్జెటు, రాయితీలు పొందినవారి వివరాలు మొదలైనవి ఇందులో చేరతాయి. పత్రాల నకళ్లు పొందడమే కాదు, దస్త్రాలను స్వయంగా పరిశీలించవచ్చు. నిర్మాణంలో ఉన్న పనులను తనిఖీ చేయవచ్చు. వాడిన సామగ్రి నమూనాలను కూడా తీసుకోవచ్చు.

అయితే ఈ హక్కుకు హద్దులు లేకపోలేదు. దేశ సార్వభౌమత్వానికి, భద్రతకు భంగం కలిగించేవి, న్యాయస్థానం నిషేధించినవి, నేర పరిశోధనకు ఆటంకం కలిగించేవి, వ్యాపార రహస్యాలు, వ్యక్తిగత సమాచారం మొదలైనవాటికి 8వ విభాగం మినహాయింపు నిచ్చింది. రోగి వైద్య వివరాలు ఊరంతటికీ తెలియవలసిన పనిలేదు. అయినా వెల్లడించడం వల్ల కలిగే ప్రజాప్రయోజనం హాని కంటె అధికమైనప్పుడు మినహాయింపు ఉన్న సమాచారాన్ని కూడా ఇవ్వవచ్చునని అదే విభాగం చెబుతున్నది.

అడగడం ఒక విద్య

హక్కు ఉన్నంతమాత్రాన సమాధానం రాదు. సరిగా అడగడం కూడా తెలియాలి. ఉదాహరణకు ఒక విద్యార్థికి ఉపకారవేతనం సకాలంలో రాలేదనుకొందాం. “నాకు ఎందుకు అన్యాయం చేస్తున్నారు?” అని వ్రాస్తే అది ఆవేదన అవుతుంది కాని సమాచారం కోరినట్లు కాదు. దానికి బదులు, “ఫలానా తేదీన నేను సమర్పించిన దరఖాస్తుపై ఇంతవరకు ఏయే తేదీలలో ఏయే చర్యలు తీసుకొన్నారు? ప్రస్తుతం అది ఏ అధికారి వద్ద ఉన్నది? సంబంధిత పత్రాల నకళ్లు ఇవ్వండి” అని వ్రాస్తే సమాధానం చెప్పక తప్పదు. అటువంటి దరఖాస్తు అందిన తరువాత కదలని దస్త్రం కూడా కదలడం పలువురి అనుభవం. ప్రశ్న ఎంత స్పష్టంగా ఉంటే జవాబు అంత స్పష్టంగా ఉంటుంది.

ఖర్చు కూడా పెద్దది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో చేసిన నియమాలు గ్రామస్థాయి కార్యాలయాలలో దరఖాస్తు రుసుము లేకుండా చేశాయి. మండలస్థాయిలో 5 రూపాయలు, ఆ పై స్థాయిలో 10 రూపాయలు నిర్ణయించాయి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదని చట్టమే చెప్పింది.

విద్యార్థులకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగించే తీర్పు ఒకటి ఉన్నది. పరీక్షలో తాము వ్రాసిన, మూల్యాంకనం జరిగిన జవాబు పత్రాన్ని చూసే హక్కు సమాచార హక్కు చట్టం కింద విద్యార్థికి ఉన్నదని 2011లో సుప్రీంకోర్టు ఒక విద్యా బోర్డుకు సంబంధించిన కేసులో తీర్పు చెప్పింది. అంతవరకు మార్కులు మాత్రమే తెలిసేవి. అవి ఎలా వచ్చాయో తెలిసేది కాదు.

బండ్లపల్లి నుండి ప్రజావేదిక వరకు

రాజస్థాన్‌లో మొలకెత్తిన విత్తనం తెలుగునేలపై మరొక రూపంలో పెరిగింది. 2005లోనే పార్లమెంటు జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టాన్ని కూడా చేసింది. ఆ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న నాటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ అనంతపురం జిల్లాలోని బండ్లపల్లి గ్రామంలో ప్రారంభించారు. పనులన్నింటిపై గ్రామసభ సామాజిక తనిఖీ జరపాలని ఆ చట్టంలోని 17వ విభాగం నిర్దేశించింది. చట్టంలోని ఈ ఒక్క వాక్యాన్ని నిత్యాచరణలోకి తెచ్చిన తొలి రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ అగ్రస్థానంలో నిలిచింది. రాజస్థాన్ ఉద్యమంలో పనిచేసిన కార్యకర్తల అనుభవం ఇక్కడి వారికి మార్గదర్శకమైంది. 2009లో ఈ పనికోసమే ప్రత్యేకంగా ఒక సంస్థ ఏర్పడింది. పనులు చేయించే శాఖ తన పనిని తానే తనిఖీ చేసుకొంటే నిజం బయటపడదన్న ఎరుకే దీనికి కారణం.

తనిఖీ జరిగే విధానం ఇది. కూలీల కుటుంబాలకు చెందిన, చదువుకొన్న యువతీయువకులను గ్రామ సామాజిక తనిఖీదారులుగా ఎంపిక చేసి శిక్షణ ఇచ్చారు. వారు మస్టర్లు, కొలతల పుస్తకాలు, చెల్లింపుల పట్టికలు తీసుకొని ఇంటింటికీ వెళ్లారు. జాబు కార్డులోని పనిదినాలను, చెల్లించినట్లు నమోదైన కూలిని కూలీ చెప్పినదానితో పోల్చి చూశారు. చెరువు పూడిక తీసినట్లు ఉంటే చెరువు దగ్గరకు వెళ్లి కొలిచారు. తరువాత గ్రామసభలోను, చివరకు మండల కేంద్రంలో జరిగే ప్రజావేదికలోను తమ నివేదికను చదివి వినిపించారు. అక్కడ కూలీలు, ఫీల్డు అసిస్టెంట్లు, సాంకేతిక సిబ్బంది, అధికారులు ఒకే పందిరి కింద కూర్చున్నారు. నిన్నటివరకు అధికారి ముందు చేతులు కట్టుకొని నిలిచిన కూలీ, కాగితం చేతబట్టుకొని మైకు ముందు మాట్లాడగలగడం చిన్న మార్పు కాదు.

ఈ తనిఖీల వల్ల అక్రమాలు బయటపడ్డాయి. కొందరు సిబ్బంది ఉద్యోగాలు కోల్పోయారు. అయినా దుర్వినియోగమైనట్లు తేలిన సొమ్ములో తిరిగి వసూలైనది కొంతభాగం మాత్రమే. తప్పును కనిపెట్టడం తనిఖీదారుల పని. శిక్షించడం, సొమ్ము రాబట్టడం ప్రభుత్వ యంత్రాంగం పని. మొదటిది జరిగి రెండవది జరగకపోతే ప్రజల ఉత్సాహం సన్నగిల్లుతుంది. ఈ పద్ధతి విలువను గుర్తించిన కేంద్రప్రభుత్వం 2011లో దేశవ్యాప్తంగా వర్తించే తనిఖీ నియమాలను రూపొందించింది. 2017లో మేఘాలయ సామాజిక తనిఖీకై ప్రత్యేక చట్టం చేసి, ఇతర పథకాలకు కూడా దానిని విస్తరింపజేసింది.

వినడం వేరు, స్పందించడం వేరు

సమాచారం ఇవ్వడంతో ప్రభుత్వ బాధ్యత తీరిపోదు. పౌరుని పని జరగాలి. కుల ధ్రువీకరణ పత్రం కోసం, రేషన్ కార్డు కోసం పేదవాడు తిరిగే ప్రతి రోజూ అతడు కోల్పోయే ఒక రోజు కూలి. దీనిని గమనించిన మధ్యప్రదేశ్ 2010లో పౌరసేవల హామీ చట్టం చేసింది. ఏ సేవ ఎన్ని రోజులలో అందాలో నిర్ణయించి, ఆలస్యానికి అధికారికి జరిమానా విధించే ఏర్పాటు చేసింది. తరువాత మరికొన్ని రాష్ట్రాలు ఇదే బాట పట్టాయి. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన మీసేవ కేంద్రాలు పలు పత్రాలను ఒకేచోట లభించేటట్లు చేశాయి.

సాంకేతిక పరిజ్ఞానం పనిని వేగవంతం చేస్తుందనడంలో సందేహం లేదు. కాని యంత్రం ముందు కూర్చున్న మనిషి మనస్సు మారకపోతే యంత్రం ఏమి చేయగలదు? అర్జీ పరిష్కారమైనట్లు కంప్యూటరు తెరపై నమోదైనంతమాత్రాన అర్జీదారు కష్టం తీరినట్లు కాదు. బావిలో నీళ్లున్నాయో లేవో తెలియాలంటే చేద వేసి చూడాలి. అలాగే సమస్య తీరిందో లేదో అర్జీదారునే అడగాలి.

సవాళ్లు

ఇరవై సంవత్సరాల ప్రయాణం తరువాత సమాచార హక్కు కొన్ని చిక్కులను ఎదుర్కొంటున్నది. పలు సమాచార కమిషన్లలో ఖాళీలు సకాలంలో భర్తీ కాకపోవడం వల్ల అప్పీళ్లు ఏళ్ల తరబడి పేరుకుపోయాయి. ఆలస్యంగా అందిన సమాచారం వాన వెలిసిన తరువాత చేతికి వచ్చిన గొడుగు వంటిది. 2019లో జరిగిన సవరణ కమిషనర్ల పదవీకాలాన్ని, వేతనాలను నిర్ణయించే అధికారాన్ని కేంద్రప్రభుత్వానికి ఇచ్చింది. దీనివల్ల కమిషన్ల స్వతంత్రత తగ్గుతుందని విమర్శకులు, క్రమబద్ధీకరణకు ఇది అవసరమని ప్రభుత్వం వాదించారు. 2023లో పార్లమెంటు ఆమోదించిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం 8వ విభాగంలోని వ్యక్తిగత సమాచార మినహాయింపును విస్తృతం చేసింది. పౌరుని గోప్యత, ప్రజల తెలుసుకొనే హక్కు రెండూ విలువైనవే. అయితే హాజరు పట్టీలోని పేర్లు వ్యక్తిగతమైనవని దాచిపెడితే కోట్ కిరానాలో జరిగిన విచారణ వంటిది ఎలా సాధ్యమవుతుందన్న ప్రశ్న ఆలోచించదగినది.

సమాచారం అడిగినందుకు దాడులకు గురైనవారు, ప్రాణాలు కోల్పోయినవారు కూడా ఉన్నారు. అక్రమాలను వెల్లడించేవారికి రక్షణ కల్పించే చట్టాన్ని పార్లమెంటు 2014లో ఆమోదించినా, అది ఏళ్లు గడిచినా ఆచరణకు నోచుకోలేదు. మరొకవైపు వ్యక్తిగత కక్షలతో అనవసరమైన దరఖాస్తులు గుప్పించి కార్యాలయాల సమయాన్ని వృథా చేసేవారూ లేకపోలేదు. హక్కును దుర్వినియోగం చేసేవాడు నిజంగా అవసరమున్నవాని దారికి అడ్డుపడుతున్నాడని గుర్తించాలి.

ముగింపు

కోట్ కిరానా నుండి బండ్లపల్లి వరకు సాగిన ఈ కథలో ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. ఏ ప్రభుత్వమూ తనంతట తాను తలుపులు పూర్తిగా తెరవలేదు, తట్టినవారున్నప్పుడే తెరిచింది. తట్టినవారు కూడా గొప్పవారు కాదు. రావలసిన కూలి కోసం, తెలియవలసిన నిజం కోసం నిలబడిన సామాన్యులు. చట్టం వారి చేతికి తాళంచెవి నిచ్చింది. వాడకపోతే తాళంచెవి కూడా తుప్పుపడుతుంది.

పద్దెనిమిదేళ్లు నిండగానే మీకు ఓటుహక్కు వస్తుంది. ఓటు అయిదేళ్లకొకసారి వేసే ప్రశ్న. సమాచార హక్కు ప్రతిరోజూ వేయగల ప్రశ్న. పరీక్షలో అడిగిన ప్రశ్నలకు జవాబులు వ్రాయడం విద్యార్థి ధర్మం. పౌరుడు అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పడం ప్రభుత్వ ధర్మం. అడిగే పౌరుడు ఉన్నంతకాలమే ఆ ధర్మం నిలుస్తుంది.

కఠిన పదాలు – అర్థాలు

పారదర్శకత = దాపరికం లేకపోవడం
జవాబుదారీతనం = సమాధానం చెప్పవలసిన బాధ్యత
దస్త్రం = కార్యాలయపు కాగితాల కట్ట
ముసాయిదా = చిత్తుప్రతి
మస్టరు = కూలీల హాజరు పట్టీ
సార్వభౌమత్వం = సర్వాధికారం
గోప్యత = రహస్యంగా ఉంచదగిన స్థితి

ప్రశ్నలు

అ) ఈ క్రింది ప్రశ్నలకు పదిహేను పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. వేతనం కోసం ప్రారంభమైన కూలీల పోరాటం సమాచారం కోసం జరిగే పోరాటంగా ఎందుకు మారింది?
2. సామాజిక తనిఖీ జరిగే విధానాన్ని వివరించి, దాని ప్రయోజనాలను, లోపాలను చర్చించండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు అయిదు పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. జన సునవాయీ అంటే ఏమిటి?
2. సమాచార హక్కు చట్టం ప్రకారం సమాచారం ఇవ్వవలసిన గడువులు ఏవి?
3. సమాచారం కోరేవారు కారణం చెప్పనవసరం లేదనే నియమంలోని అంతరార్థం ఏమిటి?

ఇ) భాషాకార్యం
మీ గ్రామంలో లేదా పట్టణంలో జరిగిన ఒక ప్రభుత్వ పనిని ఎంచుకొని, దాని అంచనా వ్యయం, పూర్తయిన తేదీ, చెల్లింపుల వివరాలు కోరుతూ పౌర సమాచార అధికారికి దరఖాస్తు వ్రాయండి.